గడువు తీరిన కారు – గృహిణి కర్తవ్యము

ప్రతి మాసమును ఈ పుటలలో ఊరగాయల నిలువను గూర్చియో, శిశుపోషణమును గూర్చియో చదువు సోదరీమణులు ఈ పర్యాయము కారు మరమ్మతును గూర్చి వ్రాయబూనిన మమ్ముజూచి నవ్వుకొందురేమో. నవ్వవచ్చును. కాని నేడు మధ్యతరగతి కుటుంబములలో ఇల్లు, బంగారము తరువాత పెద్దమొత్తము పోసి కొను వస్తువు కారే. బంగారము చెడిపోదు. ఇల్లు కురిసినచో తాపీమేస్త్రిని పిలిచి బేరమాడుట మనకు తెలియును. కారు చెడినప్పుడు మాత్రము షోరూములో బల్ల కీవల కూర్చుండి, ఆవలివారు చెప్పిన యంకెకు తల యూచి వచ్చుచున్నాము. అందును వారంటీ గడువు తీరినదన్న మాట చెవిని బడెనా, ఇక మన నోరు మూతపడును. మా నోరును మొదట మూతపడినదే.

మేము రాజమహేంద్రవరమునకు 25 కిలోమీటర్ల దూరమున నొక పల్లెలో నుందుము. మావారు ఉద్యోగరీత్యా హైదరాబాదులో నుందురు. మా యత్తగారికి మూత్రపిండముల వ్యాధి. సోమవారము, గురువారము డయాలిసిస్ చేయించుటకు ఆమెను పట్టణమునకు తీసికొనిపోవలయును. ఆ పని కొఱకే 2022 ఏప్రిల్ 14వ తేదీన కారు కొంటిమి. ఆ పని కొఱకే నలుబది యేండ్లు దాటిన వయసులో నడుపుట నేర్చుకొంటిమి. కంపెనీవారి వారంటీ 3 సంవత్సరములు లేక 1 లక్ష కిలోమీటర్లు. రెంటిలో ఏది ముందు నిండినచో దానితో సరి. మా బండి మూడేండ్లలో 24 వేల కిలోమీటర్లు మాత్రమే తిరిగినది. అయినను తేదీ నిండినది కనుక గడువు తీరినది.

2025లో రోహిణీకార్తె ప్రవేశించిన మఱునాడు, డయాలిసిస్ ముగిసి నీరసించియున్న ఆమెను వెనుక సీటున పరుండబెట్టుకొని వచ్చుచుండగా ఏసీ వేడిగాలి కొట్టసాగెను. అద్దములు దింపితిమి, వడగాడ్పు నిప్పులవలె వచ్చెను. ఇల్లు చేరునప్పటి కామెకు మాట పెగలలేదు. తడిగుడ్డలతో ఒళ్ళు తుడిచి, విసరగా విసరగా రెండు గంటలకు తేరుకొనిరి. ఏసీ విలాసమని వాదించువారు ఆనాడు మా యింట లేకపోవుట వారి యదృష్టము.

మే 28వ తేదీన కారును కొన్న డీలరుగారి సర్వీసు సెంటరునకే తీసికొనిపోతిమి. అచ్చటి యువకుడు మర్యాదస్థుడే. కాని మొదటి ప్రశ్నయే “సార్ రాలేదా అండీ?” అని. బండి నడుపునది మేమే, సంతకము చేయునదియు మేమేయని చెప్పితిమి. పరీక్షించి, కూలింగ్ కాయిల్ కారుచున్నదనియు, అది డ్యాష్‌బోర్డు వెనుక నుండును గాన డ్యాష్‌బోర్డు మొత్తము విప్పవలసియుండుననియు చెప్పి, ఎస్టిమేటు చేతికిచ్చెను. విడిభాగములు 14,200 రూపాయలు, కూలి 9,000, గ్యాసు మున్నగునవి 2,600. వెరసి 25,800 రూపాయలు. వారంటీ మాట యెత్తగా, “నలభై ఐదు రోజులు దాటిపోయిందండీ. సిస్టమ్ ఒప్పుకోదండీ” అనెను. ఈ సిస్టమ్ అనునాయన ఎవరో, ఎచ్చట కూర్చుండునో, ఇంతవరకు ఏ గృహిణియు చూచియుండలేదు. మేమును చూడలేదు. ఎస్టిమేటు కాగితము పుచ్చుకొని, ఆలోచించుకొని చెప్పెదమని ఇంటికి వచ్చితిమి.

ఆ సాయంకాలము సంగతి యంతయు విని అత్తగారొక ప్రశ్న వేసిరి. ఆమె దినమునకు ఎన్ని గ్లాసుల నీరు త్రాగవలెనో వైద్యులు కొలిచి చెప్పియున్నారు. లోపలికి పోయిన నీటికి, వెలికి వచ్చిన నీటికి లెక్కచూచుకొనుట ఆమెకు నిత్యకృత్యము. “నిరుడు వేసవిలో గ్యాసు పోశారన్నావు. మొన్న ఫాల్గుణంలో మళ్ళీ పోశారన్నావు. అదంతా ఎవరు తాగేశారమ్మా?” అనిరి.

మా వివాదమంతయు ఈ ప్రశ్నలోనే యున్నది. కారులోని ఏసీ గ్యాసు పెట్రోలువలె ఖర్చగునది కాదు. అది మూసిన గొట్టములలో తిరుగుచుండును. ఇంజను చెంతనున్న కంప్రెసరు దానిని ఒత్తి పంపును. బండి ముందుభాగముననున్న కండెన్సరులో అది వేడి విడిచి ద్రవమగును. డ్యాష్‌బోర్డు వెనుకనున్న కూలింగ్ కాయిల్‌లో మరల వాయువై, లోపలి గాలిలోని వేడిని పీల్చుకొని, తిరిగి కంప్రెసరును చేరును. రబ్బరు గొట్టముల నుండియు అతుకుల నుండియు ఏండ్ల తరబడి కొంచెము కొంచెముగా తగ్గుట కలదు. అందుచే పాతబండికి ఎప్పుడో యొకప్పుడు నింపుట వింత కాదు. కాని క్రొత్తబండిలో ఏడాది తిరుగక మునుపే రెండు పర్యాయములు నింపవలసివచ్చిన దనగా ఎచ్చటనో చిల్లి యున్నదన్నమాట. చిల్లి వెదకక గ్యాసు నింపుట పగిలిన కుండలో నీరు పోయుటయే. చిల్లి కనిపెట్టుట కష్టమును కాదు. గొట్టములలో నైట్రోజను ఒత్తిడి పెట్టి అతుకులపై సబ్బునురుగు పూసి బుడగల కొఱకు చూచుట యొక పద్ధతి. గ్యాసుతోపాటు రంగునూనె పంపి, కొన్నిదినముల పిమ్మట ఊదారంగు దీపమువంటి దానితో వెదకుట మఱియొకటి. కారిన చోట పచ్చగా మెరయును.

మరునాడు రేషను కార్డు, పన్ను రసీదులు దాచు రేకుపెట్టె దింపి వెదకితిమి. దైవికముగా రెండు జాబ్ కార్డులును దొరకినవి. ఒకటి 2024 మే 9వ తేదీది. రెండవది 2025 మార్చి 12వ తేదీది, అనగా గడువు తీరుటకు సుమారు నెలదినములు ముందటిది. రెంటిలోను “ఏసీ చల్లదనము చాలదు” అని మా ఫిర్యాదు, “గ్యాసు నింపబడినది” అని వారి పని. కారుడును పరీక్షించినట్లు ఏ కార్డులోను ఒక ముక్కయైనను లేదు. రెండవ పర్యాయము గ్యాసు వాడుకవస్తువు గాన వారంటీ వర్తింపదని చెప్పి మావద్ద 1,850 రూపాయలు పుచ్చుకొనిరి. నాడు ఆ రూపాయలకు మేము గొణిగితిమి. కాని ఆ రసీదే పిమ్మట మాకు గట్టి సాక్ష్యమైనది.

ఇచ్చట చదువరులు కొంచెము నిలువవలయును. కారు అప్పగించునప్పుడు సర్వీసు సెంటరువారు వ్రాయు జాబ్ కార్డును మనము సంతకము చేయవలసిన చీటీగా మాత్రమే చూచుచున్నాము. నిజమునకు అది బండికి జాతకచక్రము వంటిది. మన ఫిర్యాదు మన మాటలలో అందు వ్రాయబడినదో లేదో చదివిన తరువాతనే సంతకము చేయవలయును. “జనరల్ చెకప్” అని వ్రాసి మనము నోటితో చెప్పిన నాలుగు సంగతులను గాలికి వదలుట అచ్చట సాధారణము. కిలోమీటర్ల అంకె, తేదీ ఉండవలెను. బండి తిరిగి పుచ్చుకొనునప్పుడు ఏమి పరీక్షించిరో, ఏమి కనబడినదో వ్రాయించుకొనవలెను. ఏమియు కనబడనిచో కనబడలేదనియే వ్రాయుడనవలెను. కనబడలేదన్న వ్రాతయు ఒకనాటికి పనికివచ్చును. చాలచోట్ల ఇప్పుడు కాగితమునకు బదులు ఫోనునకు పంపుచున్నారు. ఫోను మారినచో అదియు పోవును. కాబట్టి అచ్చు వేయించి పెట్టెలో నుంచుట మేలు. గడువు తీరుటకు నెల ముందుగా బండిని ఒకసారి తీసికొనిపోయి, చిన్న చప్పుడైనను సరే, ఉన్న లోపములన్నియు జాబ్ కార్డున కెక్కించుట మఱియు మేలు. మేము మార్చిలో అనుకొనక చేసిన పని యిదియే.

ఇక పట్టణములో పరిచయస్థుడైన మేస్త్రి యొకడున్నాడు. అతడును సబ్బునురుగు పూసి చూచి కాయిలే కారుచున్నదనెను. తానైనచో 14 వేలకు ముగింతుననెను. ఆశ పుట్టినమాట నిజమే. ఆమెను మండుటెండలో త్రిప్పవలసిన దినములవి. కాని బయట విప్పించినచో సాక్ష్యము చెదరిపోవును. బయటివాడు చెడగొట్టెనని కంపెనీవారు సులభముగా ననగలరు. అందుచే ఆగితిమి. ఆసుపత్రివారిని వేడుకొని ఉదయము 6 గంటల వంతునకు మార్పించుకొంటిమి.

వారంటీ యనునది కార్లు చేయు కంపెనీవారి వాగ్దానము. డీలరు ఆ వాగ్దానమును నెరవేర్చు చేయి మాత్రమే. చేతితో పోట్లాడి లాభము లేదు. కావున కంపెనీవారికే ఉత్తరము వ్రాసితిమి. మొదట వ్రాసినది రెండు పుటలు. అందు వడగాడ్పు, అత్తగారి యవస్థ, మా కోపము అన్నియు నుండెను. దానిని చింపివైచి ఇట్లు వ్రాసితిమి:

“అయ్యా, మా కారు 2022 ఏప్రిల్ 14న కొనబడినది. వారంటీ నడచుచుండగా 2024 మే 9న, 2025 మార్చి 12న ఏసీ చల్లగా లేదని మీ సర్వీసు సెంటరులో ఫిర్యాదు చేసితిమి. రెండు పర్యాయములును గ్యాసు నింపి పంపిరి. గ్యాసు ఎచ్చట పోవుచున్నదో పరీక్షించినట్లు జాబ్ కార్డులలో లేదు. 2025 మే 28న అదే సెంటరువారు కూలింగ్ కాయిల్ కారుచున్నదని ఎస్టిమేటులో వ్రాసియిచ్చిరి. కాయిల్ డ్యాష్‌బోర్డు వెనుక నుండునది. రాతిదెబ్బ తగులుటకు వీలులేదు. గడువులోపల మేము చెప్పిన లోపమును గడువులోపల మీవారు కనిపెట్టలేదు. కావున మార్పు వ్యయమును తాము భరింపవలయునని కోరుచున్నాము. 15 దినములలో వ్రాతమూలకముగా ప్రత్యుత్తర మీయగోరెదము. నకళ్ళు జతపరచితిమి.”

రాతిదెబ్బ మాట ఊరక వ్రాసినది కాదు. ముందుభాగముననున్న కండెన్సరునకు రాళ్ళు తగులుట కలదు. అట్టి బయటిదెబ్బలకు వారంటీ వర్తింపదు. ఆ సాకు ముందుగానే తీసివైచితిమి. ఉత్తరమును ఈమెయిలులోను, స్పీడ్ పోస్టులోను పంపి, రసీదు రేకుపెట్టెలో వేసితిమి.

ఆఱవనాడు జవాబు వచ్చెను. గడువు తీరినందున చింతించుచున్నారట. మా ప్రశ్న కందులో సమాధానము లేదు. అదే ఉత్తరమును మరల పంపుచు, “మార్చి 12న కారుడు పరీక్ష జరిగినదా, లేదా?” అని ఒక్క వాక్యము మాత్రము చేర్చితిమి. ఆనాడే కేంద్రప్రభుత్వమువారి జాతీయ వినియోగదారుల సహాయవాణికి, అనగా 1915 అను సంఖ్యకు ఫోను చేసితిమి. ఖర్చు లేదు, తెలుగులోనే మాటలాడవచ్చును. వారు ఫిర్యాదు వ్రాసికొని, దానికొక సంఖ్య యిచ్చి, కంపెనీవారికి పంపుదురు. వారు తీర్పరులు కారు. కాని ఆ సంఖ్య పుట్టిన పిమ్మట కంపెనీవారి పెద్దయుద్యోగి యొకరు తామై ఫోను చేసిరి.

ఆయన మంచిమాటలవాడు. “గుడ్‌విల్ కింద పార్టులో సగం మేం భరిస్తామండీ” అనిరి. గుడ్‌విల్ అనగా ధర్మముగా నిచ్చుట. గడువు తీరినవారికి కంపెనీలు ఇట్లు కొంత విడుచుట కలదనియు, డీలరు తనంతట చెప్పడనియు మాకప్పుడే తెలిసినది. సోదరీమణులు అడుగవలసిన మాటలలో నిది యొకటి. మేము వందనము చేసి, అడుగుచున్నది ధర్మము కాదు, బాకీ అని చెప్పితిమి. మార్చిలో పరీక్ష జరిగియుండినచో సగమునకే ఒప్పుకొందుము, జరిగినట్లు కాగితము చూపుడంటిమి. నాలుగు దినములు చప్పుడు లేదు. పిమ్మట విడిభాగములు పూర్తిగా కంపెనీవే, కూలిలో సగము డీలరు విడుచును, మిగిలినది మీరిచ్చుకొనవలెనని కబురువచ్చెను. అనగా 25,800కు బదులు 7,100 రూపాయలు.

ఒప్పుకొంటిమి. మా మఱదిగారు మమ్ము మందలించిరి. కమిషనుకు పోయినచో పూర్తిగా వచ్చెడిదనిరి. రావచ్చును. 2019 వినియోగదారుల రక్షణ చట్టము 2020 జులై 20 నుండి అమలులోనికి వచ్చినది. పూర్వము జిల్లా ఫోరమనబడినది దీనితో జిల్లా కమిషనైనది. మనము నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. కంపెనీ ఢిల్లీలో నున్నను, చెన్నైలో నున్నను మనము పోనక్కఱలేదు. న్యాయవాది లేకుండ స్వయముగా వాదించుకొనవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల లోపైనచో రుసుము లేదు. 5 మొదలు 10 లక్షల వఱకు 200 రూపాయలు, 10 మొదలు 20 లక్షల వఱకు 400 రూపాయలు. వ్యాజ్యకారణము పుట్టిన 2 సంవత్సరములలోగా దాఖలు చేయవలయును. ఇది మఱవరాదు, ఉత్తరప్రత్యుత్తరములతో కాలము గడపి గడువు జారవిడుచుకొన్నవారు కలరు. పరీక్ష అక్కఱలేని ఫిర్యాదును 3 నెలలలో, పరీక్ష కావలసినదానిని 5 నెలలలో ముగింప యత్నింపవలెనని చట్టము చెప్పుచున్నది; ఆచరణలో ఎక్కువ పట్టును. తయారీలోనే లోపమని నిరూపించుటకు నిపుణుల పరీక్ష కావలసివచ్చును, ఆ వ్యయము మనము ముందు కట్టవలసియుండును. మరమ్మతు సరిగా చేయకపోవుట సేవాలోపము. దానికి జాబ్ కార్డులే చాలవఱకు సాక్ష్యము. మాకు కావలసినది జులై నెలకు ముందు చల్లని కారు. 7,100 రూపాయలకును, ఒక సంవత్సరపు వాయిదాలకును తూకము వేసికొని మేము మొదటిది కోరుకొంటిమి. అత్తగారి యారోగ్యము వేరుగా నుండినచో మఱదిగారి మాటయే వినియుందుము.

అన్ని తగవులును తగవులు కావని కూడ చెప్పవలయును. మా పొరుగున నొకామె, క్లచ్చిప్లేటు అరిగిపోయినదని డీలరుతో నెలదినములు పోరాడినది. క్లచ్చిప్లేటు, బ్రేకుప్యాడ్లు, వైపరు రబ్బర్లు, ఇవి చెప్పులవలె అరుగు వస్తువులు. వారంటీలో నున్నప్పుడే వీనికి పరిమితి యుండును. ఆమె క్లచ్చిపై కాలుంచి నడుపునని మేమెఱుగుదుము. బ్యాటరీకి, టైర్లకు వాని తయారీదారుల వారంటీ వేరుగా నుండును; కారు గడువు తీరినను అది మిగిలియుండవచ్చును. సకాలమున సర్వీసు చేయింపనివారి ఫిర్యాదు బలహీనము. వేడెక్కిన ఇంజనుతో బండిని ఇల్లు చేర్చితినని గొప్పగా చెప్పుకొనువారి ఫిర్యాదు మఱియు బలహీనము.

చేత సాక్ష్యమేమియు లేక, గడువు తీరి యేండ్లు గడచినచో బయటి మేస్త్రిని నమ్ముటలో తప్పులేదు. విడిభాగములను బయటి మేస్త్రులకు దొరకనీయకుండుట తగదని 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలపై తీర్పు చెప్పి జరిమానా విధించెను. బయట మరమ్మతు చేయించినంతమాత్రమున వారంటీ మొత్తము రద్దనరాదనియు ఆ తీర్పులో నున్నది. ఆ కంపెనీలు అప్పీళ్ళకు పోయినవి. 2022 డిసెంబరు 24న కేంద్రప్రభుత్వము మరమ్మతు హక్కును గూర్చి ప్రారంభించిన వెబ్‌సైటులో కార్లును చేరియున్నవి.

జూన్ 21వ తేదీన పని ముగిసినది. డబ్బు చెల్లించుటకు ముందు మూడు సంగతులడిగితిమి. తీసిన పాతకాయిల్ మాకు చూపవలెను. క్రొత్తదానికి వేరుగా నెంత గడువో బిల్లుపై వ్రాయవలెను. ఏసీ అరగంట నడపి మా యెదుట చల్లదనము కొలువవలెను. మూడును చేసిరి. పాతకాయిల్ అడుగున ఒక మూల ఆకుపచ్చని మరక మెరయుచుండెను. క్రొత్తకాయిల్‌కు 1 సంవత్సరమని వ్రాసిరి. తృప్తికలిగినదని సంతకము చేయుమన్న కాగితము నింటికి తెచ్చుకొని, వారము గడచిన పిమ్మట పంపెదమంటిమి. యువకుడు కొంచెము నొచ్చుకొని, కంపెనీనుండి ఫోను వచ్చినచో పదికి పది మార్కులు వేయుమని బ్రతిమాలెను. ఆ మార్కులపైననే అతని జీతపు పెంపు ఆధారపడునట. పాపము, అతడు మావద్ద గ్యాసు నింపినవాడు కాడు. ఎనిమిది వేసితిమి.

ఆ సోమవారము డయాలిసిస్ ముగియునప్పటికి పదకొండు గంటలైనది. ఎండ తీవ్రముగానే యుండెను. సగము దారి వచ్చినంతట వెనుక సీటునుండి అత్తగారు, “కాస్త తగ్గించమ్మా, చలేస్తోంది” అనిరి. తగ్గించితిమి. ఆ దినపు బిల్లును, పాత జాబ్ కార్డులు రెంటిని, ఒక్క దారముతో కట్టి రేకుపెట్టెలో పైననే యుంచితిమి.